గ్రంథమంటే ముడి

(అన్నూరులో ఉగాది సభయందు చేసిన ప్రసంగము)



నేను రైల్వేలో గుమాస్తాను. నా చదువు మెట్రిక్యులేషన్‌తో ఆగిపోయినది. కాబట్టి పండితులు చేసే ప్రసంగం నా వల్ల కాదు. పెద్దలు నన్ను ఏదైనా మాట్లాడమన్నారు. ఏదైనా మాట్లాడటం కంటె ఒక్క మాటను గురించి మాట్లాడటం తేలిక అని తోచినది. ఆ మాట ‘గ్రంథము’. దానికి పుట్టిన బిడ్డ ‘గ్రాంథికము’. ఈ రెండు మాటలూ పుస్తకాలకూ, వ్రాతకూ సంబంధించినవి. కాని మన ఇళ్ళలో తెలుగు బ్రతుకుతుందా, బ్రతకదా అన్న ప్రశ్న కూడా వీటిలోనే దాగి ఉన్నదని నా నమ్మకం.

ఎందుకంటే, మన భాషను గురించి మనం తరచు రెండు మాటలు వింటూ ఉంటాము. ఆంధ్రదేశం నుంచి వచ్చిన చుట్టాలు మనం మాట్లాడే తెలుగు విని, కొన్ని మాటలకు ‘అబ్బో, గ్రాంథికం!’ అని నవ్వుతారు. మరి కొన్ని మాటలకు ‘ఇది తెలుగేనా?’ అని నవ్వుతారు. ఇక మన పిల్లలు ఏమంటారు? ‘మనది ఇంట్లో మాట్లాడే భాషేగాని పుస్తకాల్లో ఉండే భాష కాదు, దీనికి చదువెందుకు?’ అంటారు. వారు పుస్తకపు భాష అని నవ్వటం, వీరు పుస్తకానికి ఎక్కని భాష అని విడిచిపెట్టటం. రెంటి నడుమ మన తెలుగు నలిగిపోతున్నది. అందుచేత ముందు గ్రంథమంటే ఏమిటో చూద్దాము.

సంస్కృతంలో ‘గ్రంథ్’ అనే ధాతువుకు కట్టు, కూర్చు, ముడివేయు అని అర్థం. దాని నుంచే ‘గ్రంథి’ అనే మాట వచ్చినది. గ్రంథి అంటే ముడి. వైద్యులు శరీరంలో ఫలానా గ్రంథి వాచినది అంటారే, అదీ ఈ మాటే. జైన సన్యాసులకు పూర్వం ‘నిర్గ్రంథులు’ అని పేరుండేది. పుస్తకాలు లేనివారని కాదు, సంసారపు ముడులు తెంచుకొన్నవారని. మన కొంగునాట విజయమంగళంలో ప్రాచీనమైన జైన దేవాలయం ఉన్నది. అటువంటి చోట్ల ఈ మాట ఒకప్పుడు తరచుగా వినిపించి ఉండాలి. ఆ వరుసలో చూస్తే గ్రంథమంటే మొదటి అర్థం పుస్తకం కానే కాదు, ‘కట్టబడినది’ అని.

కట్టినది పుస్తకం ఎట్లా అయినది? తాటాకుల కాలం జ్ఞాపకం చేసుకొంటే తెలుస్తుంది. లేత ఆకులు కోసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపు చేసి, ఒకే కొలతకు కత్తిరించేవారు. గంటంతో అక్షరాలు గీసేవారు. గీసిన అక్షరం కంటికి కనపడదు గనుక మసి పూసి తుడిచేవారు. మసి గీతల్లో నిలిచి అక్షరం నల్లగా తేలేది. తరువాత ఆకులకు బెజ్జం వేసి, త్రాడు దూర్చి, పైన ఒక చెక్క, క్రింద ఒక చెక్క పెట్టి బిగించి కట్టేవారు. ఆ త్రాడు తెగితే ఆకులు చెల్లాచెదరు. రామాయణంలో ఆకు భారతంలో చేరుతుంది. ముడి ఉన్నంతసేపే గ్రంథం. కరణాల లెక్కల ఆకులకు కూడా ‘కవిలె కట్ట’ అనే పేరు ఉండేది. అక్కడా కట్టే ప్రధానం.

ఈ సంగతి ఒక్క సంస్కృతానిదే కాదు. ‘సూత్రం’ అన్నా దారమే. మంగళసూత్రంలోనిదీ ఆ సూత్రమే, వ్యాకరణ సూత్రమూ ఆ సూత్రమే. మన చుట్టూ ఉన్న అరవంలో చూడండి. ‘నూల్’ అంటే దారం, ‘నూల్’ అంటే పుస్తకం కూడా. కోయంబత్తూరు మిల్లుల్లో పనిచేసే మనవారు పగలంతా నూలు వడికి, ఇంటికి వచ్చే దారిలో ‘నూలగం’ అన్న బోర్డు చూస్తారు. అది నూలు కొట్టు కాదు, గ్రంథాలయం. మా ఆఫీసులో రోజూ చేతిలో పడే ‘ఫైలు’ సంగతీ ఇంతే. లాటిను భాషలో దారానికి ‘ఫీలుం’ అని పేరు. కాగితాలను దారానికి గుచ్చి దాచేవారు గనుక దానినుంచి ఫైలు అనే మాట పుట్టినది. ఈనాటికీ మేము కాగితానికి బెజ్జం వేసి ట్యాగు దూర్చి ముడివేస్తూనే ఉన్నాము. ముడివేయని కాగితం ఉన్నా లేనట్టే. ఈ నియమం ఏ గుమాస్తాకూ ఎవరూ నేర్పనక్కర లేదు.

ఇక వాడుక సంగతి. పుస్తకం, గ్రంథం ఒకటేనా? ఒకటే, కాదు కూడా. బడిపిల్లవాడి చేతిలోది పుస్తకం. రైల్వే టైంటేబులు కూడా పుస్తకమే, దాన్ని గ్రంథమని ఎవరూ అనరు. భారతం గ్రంథం. గ్రంథమన్నప్పుడు కొంత గౌరవం, కొంత బరువు ఉంటాయి. మరీ పెద్దదైతే ఉద్గ్రంథం. వ్రాసినవాడు గ్రంథకర్త. ఒకరు వ్రాసినది మరొకరు తన పేర వేసుకొంటే గ్రంథచౌర్యం. వరుసగా పుస్తకాలు వేస్తే గ్రంథమాల. 1906లో మొదలైన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి, తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్ర గ్రంథమాల తెలుగువారి ఇళ్ళకు ఎన్నో మంచి పుస్తకాలు చేర్చినవి. పుస్తకాలున్న ఇల్లు గ్రంథాలయం. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు పూనుకొనగా 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినది. ఆ ఉద్యమంలో పడవలమీద కూడా గ్రంథాలయాలు నడిచినవి. కాలువల వెంట పల్లెపల్లెకూ పుస్తకాలు పోయినవి.

ఇంత గౌరవం గల మాటను జనం ఊరికే ఉంచలేదు. ‘వాడు పెద్ద గ్రంథసాంగుడు’ అంటే పండితుడని కాదు, గట్టి మాయగాడని. ‘వెనక పెద్ద గ్రంథమే నడిచింది’ అంటే చాలా తతంగం జరిగినదని. పెద్ద మాటను ఇంట్లోకి పిలిచి పీటవేసి కూర్చోబెట్టి, కాస్త వేళాకోళం చేయటం తెలుగువాడి స్వభావం.

వ్రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ఇది ‘థ’, ‘ధ’ కాదు. గ్రంధము, గ్రంధాలయము అని ఆంధ్రదేశంలో కూడా బోర్డులు కనిపిస్తాయి. ముడి అనే అర్థం ‘థ’తోనే వస్తుంది. ఈ సభలో ఉన్న పిల్లలు ఇదొక్కటి జ్ఞాపకం పెట్టుకొన్నా నాకు సంతోషం.

గ్రంథమనేది ఒక కొలత కూడా. ముప్పైరెండు అక్షరాలు ఒక గ్రంథం. అనుష్టుప్ శ్లోకంలో ఎనిమిదేసి అక్షరాల పాదాలు నాలుగు, మొత్తం 32. వచనమైనా సరే, దాన్ని ముప్పైరెండేసి అక్షరాలుగా లెక్కవేసి ఇన్ని గ్రంథాలు అనేవారు. ప్రతులు వ్రాసేవారి కూలి కూడా ఈ కొలతమీదనే నడిచేది. అంటే వ్రాతగాడికి కవిత్వమని, వచనమని తేడా లేదు. అక్షరం అక్షరమే, కూలి కూలే. వ్రాతపని చేసి బ్రతికే నావంటివాడికి ఈ కొలత చాలా నచ్చినది.

ఇప్పుడు మనం ఉండే దేశానికి సంబంధించిన విశేషం ఒకటి చెప్పాలి. అరవంలో క, గ రెంటికీ ఒకే అక్షరం. ట, డ అంతే, ప, బ అంతే. ఒత్తక్షరాలు లేవు. ఆ భాషకు అవి చాలును, అది లోపం కాదు. కాని సంస్కృతం వ్రాయాలంటే చాలవు. అందుకని పల్లవుల కాలంనుంచి ఈ దేశంలో వేరొక లిపి వాడుకలోకి వచ్చినది. దాని పేరే గ్రంథలిపి. అరవంలో ఈనాటికీ జ, ష, స, హ మొదలైన అక్షరాలను గ్రంథాక్షరాలంటారు. తమ అక్షరాలలో ఇమడని ధ్వనులను పోగొట్టుకొనటం ఇష్టంలేక ఇక్కడి పెద్దలు మరొక లిపి నేర్చుకొన్నారు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. చివర మళ్ళీ దీనితో పని ఉన్నది.

ఇంతవరకు గ్రంథం. ఇక దాని బిడ్డ గ్రాంథికం. గ్రాంథికమంటే గ్రంథానికి సంబంధించినది, అంతే. కాని తెలుగుదేశంలో ఆ మాటకు ఒక ప్రత్యేకార్థం వచ్చినది. మనం నోటితో ‘వస్తున్నాడు’ అంటాము, పుస్తకంలో ‘వచ్చుచున్నాడు’ అని వ్రాయాలి అన్నారు. పుస్తకానికి ఒక భాష, నోటికి ఒక భాష. పుస్తకపు భాష గ్రాంథికం, నోటి భాష వ్యావహారికం. చెన్నపట్నం ప్రెసిడెన్సీ కళాశాలలో పండితులుగా ఉన్న పరవస్తు చిన్నయసూరిగారు 1853లో నీతిచంద్రిక, 1858లో బాలవ్యాకరణం ప్రకటించారు. వారు గొప్ప పండితులు, సందేహం లేదు. తరువాతివారు వారి భాషనే ఒరవడి చేసుకొని, బడిపిల్లలు కూడా అట్లాగే వ్రాయాలన్నారు.

దీన్ని ఎదిరించినవారు గిడుగు వెంకటరామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29న పుట్టారు. ఆ రోజునే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. గురజాడ అప్పారావుగారు ఆయనకు తోడు నిలిచారు. అటుపక్క జయంతి రామయ్య పంతులుగారు, 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తువారు గ్రాంథికాన్ని సమర్థించారు. పత్రికల్లో, సభల్లో వాదాలు చాలాకాలం సాగినవి. గిడుగువారు చెప్పినదాని సారం, శిష్టులు మాట్లాడుకొనే భాషలోనే వ్రాస్తే జనం చదువుకొంటారు, లేకపోతే చదువు కొద్దిమంది సొత్తుగా ఉండిపోతుంది అని.

ఆయన చేసిన మరొక పని మనబోటివారికి ఇంకా ముఖ్యమైనది. పర్లాకిమిడి కొండల్లో సవరలనే జాతివారున్నారు. ఆ రోజుల్లో వారి భాషకు పుస్తకం లేదు. గిడుగువారు వారి భాష నేర్చుకొని, వారి మాటలు, పాటలు, కథలు వ్రాసుకొని, వారి పిల్లలకు చదువు చెప్పటానికి పాటుపడ్డారు. సవర భాషపై ఆయన వ్రాసిన వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయినవి. పుస్తకం లేని భాష తక్కువ భాష అని ఆయన అనుకోలేదు. ఇంకా ముడివేయని భాష అనుకొన్నారు. ముడివేశారు.

ఇక మన దక్షిణాదికి వద్దాము. ‘మనది పుస్తకాల్లో లేని తెలుగు’ అనే పిల్లలు వినవలసినది ఇక్కడే ఉన్నది. 1529 ప్రాంతాన విశ్వనాథ నాయకుని కాలంలో మధురలో తెలుగు నాయకుల ఏలుబడి మొదలైనది. సుమారు 1600 నాటిదని పండితులు చెప్పే ‘రాయవాచకం’ అనే వచన గ్రంథం ఈ మధుర రాజ్యానికి సంబంధించినదే. శ్రీకృష్ణదేవరాయల కథ అది. వ్రాసినవాడు తన పేరు చెప్పుకోలేదు, విశ్వనాథ నాయని స్థానాపతి అని మాత్రమే ఉన్నది. స్థానాపతి అంటే ఒక రాజు తరఫున మరొక రాజు కొలువులో ఉండి అక్కడి సమాచారం వ్రాసి పంపే ఉద్యోగి. అంటే ఒక విధంగా మావంటి ఆఫీసువాడే! అందులోని భాష ఆనాటి నోటి వాడుకకు చాలా దగ్గరది. దాన్ని తరువాత అచ్చువేయించినది ఎవరనుకొన్నారు? గ్రాంథికాన్ని సమర్థించిన ఆ ఆంధ్ర సాహిత్య పరిషత్తువారే.

అక్కడితో ఆగలేదు. 1706 నుంచి 1732 దాకా మధురను ఏలిన విజయరంగ చొక్కనాథుడు స్వయంగా శ్రీరంగ మాహాత్మ్యం, మాఘ మాహాత్మ్యం వచనంలో వ్రాశాడు. ఆయన కొలువులోని సముఖము వెంకటకృష్ణప్పనాయకుడు జైమిని భారతాన్ని వచనంలో వ్రాశాడు. తెలుగుదేశంలో పద్యానికే పట్టం కట్టిన కాలంలో, వచనానికి పీటవేసినది ఈ నేల. సాహిత్య చరిత్ర వ్రాసేవారు ఆ కాలానికి దక్షిణాంధ్ర యుగమని పేరుపెట్టారు. ఒక యుగానికి మన దిక్కు పేరు పెట్టారంటే తక్కువ సంగతా?

త్యాగరాజస్వామివారి సంగతీ వినండి. ఆయన తిరువయ్యారులో పాడారు. పాట గాలిలో పోయేది. వాలాజాపేట వెంకటరమణ భాగవతారు మొదలైన శిష్యులు వ్రాసి పెట్టబట్టి నిలిచినది. ఆ భాగవతారు ఇంటి భాష తెలుగు కాదు, సౌరాష్ట్రం. వాలాజాపేట వ్రాతప్రతులను ఈనాటికీ మధురలో సౌరాష్ట్ర సభవారు కాపాడుతున్నారు. తెలుగు పాటకు ముడివేసినవారిలో తెలుగువారు కానివారు కూడా ఉన్నారు. మరి మన ఇంటి మాటకు మనం ముడివేయకపోతే ఎట్లా?

మన ఇళ్ళలో ఏమున్నదని అడుగుతారా? కొన్ని మాటలు చూడండి. మనలో అవ్వలు ‘కూడు’ అంటారు. కోస్తా జిల్లాల్లో ఆ మాట మోటు మాట అయిపోయినది, అన్నమంటేనే మర్యాద. పాత కావ్యాల్లో కూడు శుభ్రమైన మాట. మనం ‘అంగడి’ అంటాము. రాయలసీమలోనూ అంటారు. కోస్తాలో కొట్టు, షాపు అయినది. పాత పుస్తకాల్లో అంగడే. ఈ మాటలు విని చుట్టాలు గ్రాంథికమని నవ్వితే మనం సిగ్గుపడనక్కర లేదు. వారు పుస్తకంలో చదివిన మాటను మన అవ్వ చదువు లేకుండానే కాపాడినది. ఇక వారికి తెలియని మాటలున్నవా, అవి అరవంలోంచి, కన్నడంలోంచి వచ్చి మనతో బ్రతికిన మాటలు. ఇంటికి వచ్చిన కోడలు పరాయిది కాదు గదా!

మన కథ గ్రంథానికి ఎక్కదగినదా అని సందేహపడేవారికి ఇంకొక నిదర్శనం. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ గ్రామంలో పుట్టిన కి. రాజనారాయణన్‌గారి ఇంటి భాష తెలుగు. ఆయన పెద్ద చదువులు చదివినవారు కారు. ఉత్తరం నుంచి తెలుగు కుటుంబాలు ఈ నల్లరేగడి నేలకు వచ్చి ఊరు కట్టుకొన్న కథను నవలలుగా వ్రాశారు. ‘గోపల్లపురత్తు మక్కళ్’ అనే నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమానం వచ్చినది. పల్లె జనం నోట ఆడే మాటలను పోగుచేసి నిఘంటువు కూడా కూర్చారు. 2021లో కన్నుమూశారు. ఆయన వ్రాసినది అరవంలో. అది అరవానికి లాభం, మనకు గర్వం. కాని ఆ కథలోని అవ్వలు తెలుగులో మాట్లాడుకొన్న మాటలు తెలుగు అక్షరాలలో ఎంత మిగిలినవి అని ఆలోచిస్తే గుండె కలుక్కుమంటుంది.

మన పిల్లల చదువు అందరికీ తెలిసినదే. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటవ తరగతితో మొదలై, ఏటేటా ఒక్కొక్క తరగతి ఎక్కి, 2015–16 నాటికి పదవ తరగతికి చేరినది. ఉండే నేల భాష బాగా నేర్చుకోవటం మన ధర్మం. ఈ నేల మనకు అన్నం పెట్టినది. నేను దాన్ని తప్పుపట్టటం లేదు. నేను చెప్పేదల్లా, బడి ఆ ముడి వేస్తే వేస్తుంది, వేయకపోతే లేదు. ఇంటి ముడి ఇంట్లోనే పడాలి.

తెలుగులో ‘గ్రంథస్థం చేయటం’ అనే మంచి పలుకుబడి ఉన్నది. నోటిలో ఉన్నదాన్ని వ్రాతలో నిలపటం. దానికి పండితుడు అక్కర లేదు. నా మనవి ఇది. ప్రతి ఇంట్లోనూ ఒక నోటు పుస్తకం కొనండి. అవ్వ పాడే జోలపాట, పెళ్ళిపాట, సామెత, తాత చెప్పే పొలం మాటలు, పశువుల పేర్లు, వంటింటి మాటలు, మన పెద్దలు ఏ ఊరినుంచి ఏ దారిన వచ్చారని చెప్పుకొంటారో ఆ కథ, అన్నీ అవ్వ ఎట్లా పలికితే అట్లాగే వ్రాయండి. దిద్దకండి. ‘ఇది పుస్తకపు తెలుగు కాదే’ అని జంకకండి. వ్రాసిన నాటినుంచి అది పుస్తకపు తెలుగే. గ్రంథంలో ఉన్నదే గ్రాంథికం!

‘తెలుగు అక్షరాలు రావు, అరవ అక్షరాలతో వ్రాయవచ్చునా?’ అని అడుగుతారు. ఏమీ వ్రాయకపోవటం కంటె అది వేయి రెట్లు మేలు. వెంటనే మొదలుపెట్టండి. కాని ఇందాక గుర్తుంచుకోమన్న సంగతి ఇక్కడ పనికి వస్తుంది. అరవ అక్షరాలలో ‘కాలి’ అన్నా ‘గాలి’ అన్నా ఒకటే వ్రాత. ‘పాట’కూ ‘బాట’కూ ఒకటే వ్రాత. అవ్వ నోట విన్నవాడు ఉన్నంతకాలం తేడా తెలుస్తుంది. అతని తరువాత చదివేవాడికి అవ్వ నడిచిన బాట ఏదో, పాడిన పాట ఏదో తెలియదు. సంస్కృతపు ధ్వనులు పోకుండా ఇక్కడి పెద్దలు ఒక లిపినే వాడుకలోకి తెచ్చుకొన్నారు. మనం కొత్త లిపి కల్పించనక్కర లేదు. ఉన్నది నేర్చుకొంటే చాలు. ఆదివారాలు పిల్లలను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించటానికి మన సంఘం పూనుకొనాలి. అక్షరాలు వచ్చినవారు ఒక్కొక్కరు ఇద్దరేసి పిల్లల భారం మోయాలి. ఆ వరుసలో మొదట నా పేరు వ్రాసుకోండి. డ్యూటీ లేని ఆదివారం నేను వస్తాను.

వచ్చే ఉగాదికి ఈ సంచికలో ఉపన్యాసాలు తగ్గి, ఆ నోటు పుస్తకాల్లోనుంచి ఏరిన మాటలు, పాటలు రెండు పుటలైనా అచ్చుపడాలని నా కోరిక. ముప్పైరెండు అక్షరాలైతే ఒక గ్రంథం అని చెప్పుకొన్నాము గదా. ఒక్క సామెత, దానికి ఒక్క వాక్యం అర్థం వ్రాస్తే ముప్పైరెండు అక్షరాలు దాటిపోతాయి. ఆ లెక్కన ఈ సభలో ఉన్న ప్రతివారూ ఒక గ్రంథమైనా వ్రాయగలవారే.